రెండో సంతకం

ఆవిడ ఒంట్లోంచి పదిహేడు కిలోలు పోతుంటే, పోయినప్పుడల్లా అంకె చూసి, పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టిన పెద్దమనిషిని నేనే. ఈ సంగతి ఇంకెవరో చెప్పుకోవడం కంటే నేనే చెప్పడం నయం.

మాది తనిఖీ ఆఫీసు. బరువు తగ్గిస్తామని బోర్డులు పెట్టుకున్న ప్రైవేటు క్లినిక్కులు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడటం మా పని. ఆవిడ ఇన్‌స్పెక్టరు. నేను ఆవిడ వెనకాల సంచి మోసే గుమాస్తాను. నా రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుంది గానీ మోకాళ్లు ముందే రిటైరైపోయాయి. ఈ క్లినిక్కుల వాళ్లకేం పుట్టిందో, ఒక్కడూ కింది అంతస్తులో పెట్టడు. అన్నీ మూడో అంతస్తే. వచ్చిన వాళ్లని మెట్లెక్కించే సగం తగ్గిస్తున్నారని ఆవిడ అనేది.

క్లినిక్కుల్లో ఆవిణ్ణి తూకం మేడమ్ అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. వెనకటికి మా దగ్గర ఇరవై కిలోల తూకపు రాళ్లు మూడు ఉండేవి. క్లినిక్కులో మనుషుల్ని తూచే యంత్రం మీద వాటిని పెట్టి, అది నిజం చెప్తోందో లేదో చూసేవాళ్లం. వాటి గడువు తీరింది, కొత్త ముద్ర వేసి పంపుతామని పైఆఫీసు వాళ్లు పట్టుకుపోయారు. పట్టుకుపోయినవి అటునుంచి అటే పోయాయి. పదకొండు ఉత్తరాలు రాశాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మిగిలింది పది కిలోల రాయి ఒక్కటి. పదికి సరిగ్గా చూపించి ఎనభైకి అబద్ధం చెప్పే యంత్రాలు బోలెడు. ఆ ఒక్క రాయితో ఏం తేలుతుంది?

"రాయి లేకపోతే నేను లేనా బాబాయ్" అంది ఆవిడ.

అప్పటినుంచి ఇదీ మా పద్ధతి. పొద్దున్నే మా ఆఫీసులో ముద్ర ఉన్న యంత్రం మీద ఆవిడ నిలబడుతుంది. నేను అంకె చూసి రాస్తాను. ఆ తర్వాత క్లినిక్కుకి వెళ్లేదాకా ఆవిడ టీ తాగదు, నీళ్లు తాగదు, చెప్పులు మార్చదు. అక్కడ వాళ్ల యంత్రమెక్కుతుంది. రెండు అంకెలకీ తేడా ఎంతో నేను రాస్తాను. ఇద్దరం సంతకాలు పెడతాం. మొదటిది ఆవిడది, రెండోది నాది.

ఎనభై నాలుగు కిలోల మనిషి, మంచినీళ్లయినా ముట్టకుండా మూడంతస్తులెక్కి, అక్కడ పనిచేసే నాజూకు పిల్లల ముందు తూకానికి నిలబడాలి. వాళ్లు మూతులు బిగబట్టుకుని నవ్వాపుకునేవాళ్లు. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. ఒక క్లినిక్కు మేనేజరు మరీ బరితెగించి, "మీకైతే మొదటి నెల ఫ్రీ మేడమ్" అన్నాడు. ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"ఆ గోడకున్న మంటలార్పే సిలిండరుకి గడువు తీరి రెండేళ్లయింది. ముందు దాని సంగతి చూడండి."

అలాంటి మనిషి. ఆవిడకి కోపం రాదు, విసుగు రాదు. ఆ రెండూ నా వంతు.

మా ఫారంలో నలభై ప్రశ్నలుంటాయి. డాక్టరు సర్టిఫికెట్ గోడకి తగిలించారా, మందుల బీరువాకి తాళం ఉందా, మంచం పక్కన బెల్లుందా, ఇలాంటివి. ఉంది అనో లేదు అనో టిక్కు పెట్టి చేతులు దులుపుకోవడమే. నేను ముప్ఫై ఏళ్లు అలాగే దులుపుకున్నాను. ఆవిడా నాలుగేళ్లు దులుపుకుంది. కుట్టుపనావిడ విషయం బయటపడేదాకా.

ఆ కుట్టుపనావిడ ఒక క్లినిక్కులో చేరి మూడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గింది. క్లినిక్కు వాళ్లు చప్పట్లు కొట్టి, ఫొటో తీసి గోడకి పెట్టారు. ఆవిడ తగ్గింది వాళ్లమ్మిన పొడులకి కాదు. గొంతులో గ్రంథి చెడి మనిషి లోపల్లోపలే కరిగిపోతోంది, గుండె లయ తప్పింది. ఒకరోజు మిషను ముందే పడిపోయింది. ప్రాణం దక్కింది గానీ పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. కుట్టుపనావిడకి కుడిచెయ్యి లేకపోతే ఇంకేం మిగిలింది?

ఫిర్యాదొస్తే మళ్లీ వెళ్లి చూశాం. నలభై ప్రశ్నలకీ ఉంది, ఉంది, ఉంది. కింద మా సంతకాలే. ఆరోజు మెట్లు దిగుతూ ఆవిడ మధ్యలో కూర్చుండిపోయింది.

"అన్నీ అడిగాం బాబాయ్. ఆవిడ ఎందుకు తగ్గుతోందని అక్కడ ఎవరైనా అడిగారా అని మాత్రం అడగలేదు."

నలభై ఒకటో ప్రశ్న అదే. తగ్గిన ప్రతి మనిషీ ఎందుకు తగ్గాడో ఎవరైనా కనుక్కుంటున్నారా? దాన్ని ఫారంలో చేర్పించాలని ఆవిడ పట్టుబట్టింది. ఉత్తరం మీద ఉత్తరం రాసింది. పైఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. అన్నీ బుట్టదాఖలే. "ఎందుకమ్మా నీకీ తలనొప్పి, ఉన్న నలభైకే చస్తున్నాం" అని నేను గొణిగేవాణ్ణి. "మళ్లీ ఇంకొకావిడ పడిపోతే సంతకాలు మనవే కదా" అనేది.

ఇదంతా నడుస్తుండగానే తూకాలూ నడిచాయి. మాకు ఏడాదికో పుస్తకం, అందులో ఒక్కో క్లినిక్కుకి ఒక్కో పేజీ. ఒకచోటికి ఏడాదికోసారి వెళ్తాం. అంచేత ఒక పేజీలో ఎనభై రెండున్నర, దానికి చాలా దూరంలో ఇంకో పేజీలో డెబ్భై ఎనిమిది, మరెక్కడో డెబ్భై రెండు. ఏ పేజీలో చూసినా ఆఫీసు అంకె, క్లినిక్కు అంకె, తేడా. నేను చూడాల్సింది తేడా. తేడా లేకపోతే నా పని అయిపోయినట్టే.

కళ్లు మాత్రం ఏం చేశాయని మీరడగొచ్చు. రోజూ చూసే మనిషి. నాకు నిన్నటిలాగే ఉండేది. వాళ్లాయన లిఫ్టు మెకానిక్కు, సన్నబడ్డావు బావుందన్నాడట. కూతురు ఆవిడ ప్యాంట్లు నడుము దగ్గర రెండుసార్లు కుట్టి బిగించిందట. పోయినేడు నవ్విన క్లినిక్కుల పిల్లలైతే ఇప్పుడు నవ్వడం మానేసి ఎదురొచ్చేవాళ్లు. "ఎంత తగ్గారు మేడమ్, ఏం చేస్తున్నారో మాకూ చెప్పండి" అంటుంటే ఆవిడ ముఖం కొంచెం వెలిగేది. నాకూ సంతోషంగానే ఉండేది, ఎందుకు దాచాలి? మెట్ల మధ్య ఆగి రొప్పుతుంటే మాత్రం, నాకు తోడొచ్చావమ్మా అని వేళాకోళం చేసేవాణ్ణి. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

ఆవిడ మొదటి ఉత్తరం రాసిన ఎనిమిది నెలలకి పైఆఫీసు నుంచి ఉత్తరమొచ్చింది. మీ ప్రశ్న సంగతి ఆలోచిస్తాం, ముందు ఈ ఎనిమిది నెలల తనిఖీలన్నీ తేదీల వారీగా రాసి పంపండి అని. ఆవిడ ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకుంది. నేను చిరచిరలాడుతూ కూర్చుని పేజీలు తిరగేసి, తేదీల వరసలో రాయడం మొదలుపెట్టాను.

ఎనభై నాలుగు. ఎనభై మూడున్నర. ఎనభై రెండున్నర. నాలుగో తెల్లకాగితం సగానికొచ్చేసరికి డెబ్భై. చివర అరవై ఏడు. మొట్టమొదటిసారి ఆ అంకెలు ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. ఒక్కసారి కూడా పైకి వెళ్లలేదు.

కాగితాలు తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ వేలు పెట్టి కిందిదాకా చదివింది.

"మన యంత్రం పాడైందేమో బాబాయ్" అంది.

అదే అనుమానం నాకూ వచ్చింది. ఇద్దరం వెళ్లి దాని మీద పది కిలోల రాయి పెట్టాం. పది చూపించింది. నేను ఎక్కాను. పదేళ్లుగా ఉన్న డెబ్భై ఒకటే చూపించింది. ఆవిడ ఎక్కింది. అరవై ఏడు. క్లినిక్కుల్లో యంత్రాలు కూడా ఎనిమిది నెలలుగా అదే చెప్తూ వచ్చాయి కదా, ఆ మాట మాకు తట్టనే లేదు. ఆవిడ దిగకుండా అలాగే నిలబడి ఉంది. అప్పుడడిగాను, ఆకలేస్తోందా అమ్మా అని. ఆకలి పోయి చాలా రోజులైందంది.

ఆసుపత్రికి వాళ్లాయనతో పాటు నేనూ వెళ్లాను, పుస్తకం చంకలో పెట్టుకుని. పేగులో గడ్డ అన్నారు. ఆర్నెల్ల ముందొచ్చుంటే చిన్న ఆపరేషనుతో పోయేదట, ఇప్పుడు పెద్దదే చెయ్యాలట. డాక్టరు నేను రాసిన కాగితాలు చూసి, "ఇంత శ్రద్ధగా బరువు రాసుకున్న పేషెంటుని నేను చూళ్లేదు. రోజూ ఇద్దరు చూశారు కదా, ఒక్కరికీ అనుమానం రాలేదా?" అన్నాడు. పాపం, తిట్టాలని అనలేదు. ఆవిడే జవాబిచ్చింది.

"మా ఫారంలో ఆ ప్రశ్న లేదండీ."

ఆపరేషనయిన నాలుగో రోజున పైఆఫీసు జవాబు వచ్చింది. ఉన్న నలభై ప్రశ్నలూ సరిపోతాయి, అదనపు ప్రశ్న అవసరం లేదు అని ఒక్క వాక్యం. ముప్ఫై ఏళ్లలో పైఆఫీసు కాగితాన్ని నేను చింపింది అదొక్కటే. తర్వాత భయమేసి అతికించి ఫైల్లో పెట్టాను, అది వేరే సంగతి. ఇప్పుడు తూకానికి నేనే నిలబడుతున్నాను. పక్క విభాగం నుంచి ఒకాయన్ని ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఫారం కింద ఖాళీలో నలభై ఒకటో ప్రశ్న నా పెన్నుతో రాస్తున్నాను. ఆయన అభ్యంతరం చెప్పాడు. రిటైరయ్యే వాణ్ణి, ఏం చేసుకుంటారో చేసుకోండన్నాను.

ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. బరువు పెరిగితేనే గండం గడిచినట్టని డాక్టరు చెప్పాడు. పొద్దున్నే కూతురు తూస్తుంది, ఆవిడ ఫోన్ చేసి అంకె చెప్తుంది. పుస్తకం చివర, క్లినిక్కు పేరు లేని పేజీలో రాస్తాను, ఒకదాని కింద ఒకటి. అరవై. అరవై. అరవైన్నర.

ఇవాళ గొంతు నీరసంగా ఉంది.

"యాభై తొమ్మిదిన్నర బాబాయ్. రాసుకోండి."

పెన్ను పట్టుకున్నాను గానీ రాయలేదు.

"నిన్న అరవైన్నర కదమ్మా. ఎందుకు తగ్గావు?"



"ఇన్నాళ్లకి అడిగారు" అంది మెల్లగా. తర్వాత, రాత్రి రెండుసార్లు వాంతయిందనీ, ఎల్లుండి ఎలాగూ వెళ్లాలి కదా అప్పుడు డాక్టరుకి చెప్దామనుకున్నాననీ చెప్పింది.

"ఎల్లుండి కాదు తల్లీ. మీ అమ్మాయిని పిలిచి డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేయించు. నేను లైన్లోనే ఉంటాను."

ఆవిడ కూతుర్ని పిలవడం, ఆ పిల్ల వచ్చి తన ఫోన్లో డాక్టరుతో మాట్లాడటం వినిపించాయి. గుమ్మం దగ్గర కొత్త ఇన్‌స్పెక్టరు సంచి పట్టుకుని, టైమైపోతోందని గడియారం చూపిస్తున్నాడు. ఆగమని చెయ్యి చూపించాను.