పూజలో ఉండిపోయిన సంపుటం

మా ఎదురింటి చరిత్ర టీచరమ్మ ఇక లేరు. సరస్వతీ పూజ నాటి మధ్యాహ్నం, తిరుచానూరు దారిలోని మా వీధిలో ఇంకా బండ్ల ముందు గుమ్మడికాయలు కొడుతుండగా, ఆసుపత్రి నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మ ఎల్లిపోయింది" అన్నది. నాకు దుఃఖం కన్నా ముందు భయం వచ్చింది. ఆ భయమేమిటో దాచిపెట్టి ఆమెను గురించి నిజాయితీగా చెప్పలేను.

కొంతకాలంగా నా చూపు నడిమి భాగం చెరిగిపోతోంది. ఏ అక్షరాన్ని సూటిగా చూస్తే ఆ అక్షరమే మాయమవుతుంది. చుట్టూ ఉన్నవి మిగులుతాయి. అలిపిరి వెళ్ళే బస్సు బోర్డు మీద అంచుల్లోని అక్షరాలు కనిపిస్తాయి, మధ్యలో మసక. పోయింది తిరిగి రాదని కళ్ళ డాక్టరు తేల్చి చెప్పాడు. మావాళ్ళెవరికీ చెప్పలేదు. తెలిస్తే మా తమ్ముడి కొడుకు మర్నాడే చిత్తూరు నుంచి కారులో వచ్చి, నన్ను తన ఇంట్లో ఒక గదికి చేరుస్తాడు. మంచివాడే. కానీ డిగ్రీ చదివి, ఉద్యోగం చేసి, ఎవరి చేయీ పట్టుకోకుండా నడిచినదాన్ని. నా పొయ్యి, నా తాళంచెవి, నా దారి నావి. అవి లేని బతుకంటేనే ఇప్పటికీ నా భయం.

టీచరమ్మ నేను చెప్పకుండానే కనిపెట్టారు. ఒక సాయంత్రం ఆమె ఇంట్లో కూర్చుని, ఆమె ఇచ్చిన పుస్తకాన్ని చదువుతున్నట్టు నటిస్తూ పుటలు తిప్పుతున్నాను. ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"ఏం మే, రెండు పుటలు కలిపి తిప్పేసినావు. నడిమి నూరేండ్లు యాడ పారేస్తివి?"

ఆమె ఓదార్చలేదు. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని తానే బిగ్గరగా చదవడం మొదలుపెట్టారు. ఆ తరువాత అది మా సాయంకాలపు అలవాటైంది.

అవి భారత ప్రజల చరిత్రను చెప్పే లావుపాటి సంపుటాలు. అట్టలు ఊడిపోతే ఆమె మళ్ళీ బైండు చేయించుకున్నారు. ఏ సంపుటాన్నైనా ఆమె వెనుక నుంచే తెరిచేవారు. ముందంతా పట్టాభిషేకాలూ యుద్ధాలూ ఉంటాయి. తిండి, బట్ట, సంత, పన్నులు, ఆడవాళ్ళ ఆస్తి, ఇవన్నీ చివరి అధ్యాయాల్లో ఉంటాయి. "రాజులకు తొందరేం లేదులే, వాళ్ళు యాడికీ పోరు" అని నవ్వేవారు. బడిలో పాఠం చెప్పిన రోజుల్లో ఆడపిల్లలను గుడికి తీసుకుపోయి శాసనాలు చూపించేవారట. పిల్లలంతా రాజు పేరు కోసం వెతుకుతుంటే, "ఆయన మీదే కండ్లు పెట్టుకోబాకండి మే. పక్కన సూడండి. పూలు కట్టినోళ్ళు, దీపం నెయ్యికి గొర్రెలిచ్చినోళ్ళు, మడి దున్నినోళ్ళు ఆడనే ఉండారు" అనేవారట.

డాక్టరు తేల్చి చెప్పిన మాట ఒకనాడు ఆమెకు చెప్పేశాను. ఆమె అన్నారు: "అయితే నీ కంటికి రాజులు పోయినారు, జనం మిగిలినారు. నేరుగా సూడబాక మే. పక్కన సూడు." ఆ మరునాటి నుంచి నాకు సాధన చేయించారు. పాలు పొంగుతున్నాయా అని చూడాలంటే గిన్నె పక్కనున్న గోడను చూడాలి. రోడ్డు దాటేటప్పుడు ఎదుటి దుకాణం కొసను చూడాలి. తప్పితే తిట్టేవారు. కుదిరితే మెచ్చుకునేవారు కాదు.

మా వైపు సరస్వతీ పూజకు పుస్తకాలు పెడితే ఆ రోజు చదవకూడదు. దశమి పొద్దున తీసి ఒక్క పుటైనా చదవాలి. ఆసుపత్రికి బయలుదేరే ముందు ఆమె అప్పుడు చదువుతున్న సంపుటానికి కుంకుమ పెట్టి, దేవుడి గూట్లో ఉంచి, కూతురికి ఒక మాట చెప్పి వెళ్ళారు. ఆమె పోవడంతో ఇంటికి మైల వచ్చింది. గూటి జోలికి ఎవరూ పోలేదు. దశమి వచ్చి వెళ్ళింది. ఎండిన చామంతుల కింద ఆ పుస్తకం అలాగే ఉండిపోయింది.

పెద్దకర్మ ముగిసి ఇల్లు శుద్ధి చేశాక కూతురు దాన్ని తెచ్చి నా ఒడిలో పెట్టింది.

"సదవండి చిన్నమ్మా. దశమి పుట మీ చేతనే సదివించమన్నాది అమ్మ."

పలకరింపుకు వచ్చిన మా తమ్ముడి కొడుకు ఎదురుగానే ఉన్నాడు. గుట్టు తెలిసిన మనిషే నన్ను ఇలా ఇరికించి పోయిందేమిటనుకున్నాను. పుట తెరిచాను. సూటిగా చూసిన చోటల్లా బూడిదరంగు. ఆమె గొంతులో విన్న వాక్యాలను అప్పజెప్పి గట్టెక్కవచ్చు, ఎవరికీ తెలియదు. నోరు తెరిచాను కూడా. కానీ ఆమె పుస్తకం మీద నటన మళ్ళీ నా వల్ల కాలేదు.

"నాకు కనపడదమ్మా. నువ్వు చదువు" అన్నాను.

"ఎన్నాళ్ళుగా అత్తా?" మా వాడు లేచి నిలబడ్డాడు. "మాతో ఒక మాట సెప్పొద్దా? పా, ఈపొద్దే చిత్తూరికి పోదాం."

"కూర్చోరా. ముందు పుట కానీ."

వాడు కూర్చున్నాడు. ఇంకా ఒప్పుకోలేదు, ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. నా భయమూ పోలేదు. అయినా నా ఇంట్లోనే ఉన్నాను. నేను చెబుతుంటే ఈ నాలుగు మాటలనూ రాసిపెడుతున్నది టీచరమ్మ కూతురే.

ఆ రోజు కూతురు చివరి అధ్యాయం తెరిచి, సంతల గురించి తడబడుతూ చదివింది. పుట అంచున వేలి ముద్రంత కుంకుమ అంటి ఉంది. దానివైపు చూస్తే అది మాయమైంది. చూపు పక్కకు తిప్పి, టీచరమ్మ కూర్చునే ఖాళీ కుర్చీని చూశాను. కుర్చీ చెరిగిపోయింది, పక్కన ఆ కుంకుమ ఎర్రగా వెలిగింది.