సడలని తంబుర

మా ఇంగ్లీషు సారు పోయారని తాండూరు బస్సు దిగిన చుట్టం ఒకరు చెప్పారు. పరిగి బడిలో పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తున్న నేను, ఏ ఎక్కం దగ్గర ఆగానో మరిచిపోయాను.

ఆయన మాకు చెప్పిన మొదటి పాఠంలో ట్యూన్ అనే మాట వచ్చింది. పాట వరస అని రాసుకుని మేం ఊరుకున్నాం. ఆయన ఊరుకోరు కదా! మాట పుట్టుక తవ్వితీయకపోతే ఆయనకు అన్నం సహించదు.

"డప్పును మంట మీద ఎందుకు కాగవెడ్తరు బిడ్డా?" అని నన్ను లేపి అడిగారు.

"తోలు బిగుసుకుంటది సార్."

"గదే! ఎన్నడో గ్రీకుల భాషల సాగదీసి బిగించుడు అనే మాట నుంచి టోన్ వచ్చింది. దాంట్లకెల్లి ట్యూన్ వచ్చింది. బిగువు లేంది పాట లేదు."

ఎక్కడి గ్రీకులకో మా ఊరి డప్పు సాక్ష్యం చెప్పడం మాకు భలే నచ్చింది.

సారు ఇల్లు తాండూరు స్టేషన్ పక్కనే. లోపల మూలన ఒక తంబుర ఉండేది. రోజూ బడికి వచ్చేముందు దాని నాలుగు తీగలూ శ్రుతి చేసేవారు. వాయించేవారు మాత్రం కాదు. రైలు వస్తే నాపరాళ్ల నేల అదిరి, ఆ తంబుర తనంతట తానే సన్నగా పలికేది. సారు చెప్పే మాట ఆపి వాకిలి వైపు చూసేవారు.

అది ఆయన తమ్ముడిదట. సారు భార్యను మేం అమ్మా అనేవాళ్లం, ఆమే చెప్పింది. నలభై ఎనిమిదిలో, రజాకార్ల గడబిడల్లో, వికారాబాదులో తమ్ముణ్ని సారే తాండూరు రైలెక్కించారు. బండి కిటకిటలాడుతుంటే, "నువ్వు పో, తంబుర నేను తెస్త" అన్నారు. ఆ తమ్ముడు తాండూరులో దిగలేదు. ఎక్కడ దిగాడో కబురూ లేదు. సారు అడిగి మరీ తాండూరుకు బదిలీ చేయించుకున్నారు, తంబుర పట్టుకుని.

"పిచ్చి గాకపోతే ఏంది? ఇన్నేండ్లకు వస్తడా?" అని అమ్మ విసుక్కునేది.

"వస్తే, సడలిన తంబుర చేతికియ్యాల్నా?" అనేవారు సారు.

మేం పిల్లలం చాటుగా నవ్వుకున్నాం కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

సారు పోయిన పదకొండో రోజున తాండూరు వెళ్లి అమ్మ పక్కన కూర్చున్నాను. ఇంతలో వికారాబాదు వైపు నుంచి రైలు వచ్చింది. నేల అదిరింది. మూలన తంబుర పలికింది, తప్పులేని శ్రుతిలో. ఇన్ని రోజులకు తీగలు సడలి ఉండాలి. ఉలిక్కిపడి అమ్మ వైపు చూశాను.

"పొద్దుగాల నేనే బిగించిన బిడ్డా," అంది అమ్మ, కొంగు సర్దుకుంటూ. "రోజు చూసిచూసి నాకూ వచ్చింది."

రైలు ఆగింది. ఇద్దరం వాకిలి వైపు చూశాం.