అప్పన్న మావ జేబులోని ఫ్యూజులు

నిన్న సాయంత్రం హాల్లో స్టూలు ఈడ్చిన చప్పుడు వినిపించింది. పెరట్లో మోటారు వైరు మారుస్తున్న మా ఆయన చేతులు రెండూ తీగల మీదే ఉన్నాయి. మెయిన్ స్విచ్చు ఆపింది నేనే. టీవీ ఆగిపోయిందని మా ఆరేళ్ళ పెద్దాడు స్టూలెక్కి మెయిన్ వైపు చెయ్యి చాపుతున్నాడు. పరుగెత్తి పట్టుకున్నాను. కొట్టలేదు. చాలాసేపు ఆ చెయ్యి వదల్లేకపోయాను.

నాకు అప్పన్న మావ గుర్తొచ్చాడు. పాతపట్నం వైపు మా ఊళ్ళో కరెంటు సొసైటీకి ఆయన లైన్‌మ్యాన్. ఆ సొసైటీ రైతులది. తలా ఒక వాటా తీసుకుని, స్తంభాలకు గోతులు కూడా తామే తవ్వి తెచ్చుకున్న కరెంటు. మా తాత తవ్విన గోతిలోని స్తంభాన్ని మా ఇంట్లో మన స్తంభం అనేవారు. అందుకే ఫ్యూజు పోతే ఎవరూ లైన్‌మ్యాన్ కోసం ఆగేవారు కాదు. మన సొసైటీయే కదా అని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్ళి తామే వేసుకునేవారు. ఆ భయంతోనే మావ ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకున్నాకే స్తంభం ఎక్కేవాడు. బడి నుంచి వస్తూ నేను కింద నిలబడితే జేబు తట్టి చూపించేవాడు.

"ఇదే నా పేణం, గుంటా."

ఒక ఏడు వానల్లేక నారుమడి నెర్రెలు విచ్చింది. మోటారు ఆడకపోతే నాన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్ళి చూశాడు, ఫ్యూజులు లేవు. ఎవరో ఎత్తుకుపోయారనుకుని రాగి తీగ చుట్టి కరెంటు ఇచ్చేశాడు. మూడు పొలాల అవతల, తాటిచెట్ల వెనక మావ స్తంభం మీద ఉన్నాడు.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. వాటాదారైన నాన్నది తప్పని తేలితే సొసైటీకి చెడ్డపేరని, పొరపాటు మావదేనని ఊరి పెద్దలు రాయించారు. ఆయన కాదనలేదు. కొన్నాళ్ళకు ఆ సొసైటీయే లేకుండా పోయింది. రాయించిన అబద్ధం మాత్రం ఊళ్ళో నిజమై మిగిలింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఒకరోజు మా నాన్నది తప్పా అని మావనే అడిగాను. కాదంటాడని ఆశపడ్డాను.

"తప్పేనమ్మా. మీ అయ్య సెడ్డోడు కాదు. పైన ఎవులున్నారని ఒక్క మాటు అడగనేదు, అంతే" అన్నాడు. ఎడమచేత్తో రాక, చుట్ట అంటించుకోవడానికి నన్ను అగ్గిపుల్ల గీయమన్నాడు.

నాన్న పోయేదాకా ఆ ఊసు నేనెత్తలేదు. నా పిల్లలకు తాతంటే ప్రాణం. వాళ్ళ దగ్గరా దాచాను. స్విచ్చు వేసే ముందు అవతల ఎవరున్నారని ఇప్పటికీ రెండుసార్లు కేకేస్తాను. మా ఆయన చాదస్తమంటాడు.

ఈ ఉదయం పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. అప్పన్న తాత అని ఒకాయన ఉండేవాడని, ఆయన స్తంభం పైన ఉండగా మన తాతయ్య అడక్కుండా కరెంటు వేశాడని, దాంతో అప్పన్న తాత చెయ్యి పోయిందని చెప్పాను. తాతయ్యకు తెలీదు కదా అన్నాడు పెద్దాడు.

"తెలీదు నాన్నా. అయినా తప్పు తాతయ్యదే."