రాయలేకపోయినవీ రాయాల్సిందే

చాంద్రాయణగుట్ట అవతల మా ప్రభుత్వ రంగ కర్మాగారంలో తయారైన మొదటి కంప్యూటరుకు ప్రాణం పోసింది నేనే.

అంత లేదు లెండి. పోసినవాళ్లు బోలెడుమంది. బీరువా అంత యంత్రం అది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికంటే లోపలి భాగాన్ని ఇప్పటివాళ్లు కెర్నెల్ అంటున్నారు, ఆ రోజుల్లో మేము ఎగ్జిక్యూటివ్ అనేవాళ్లం. అందులో డిస్కు నడిపే రొటీన్లు, అంటే చిన్న చిన్న ప్రోగ్రాములు, రాసింది మాత్రం నేను. మీటలు నొక్కి టైపు చేసే టెర్మినళ్ల పని మా ఆఫీసరుగారిది. ఆయన రాసినదాంట్లో తప్పుండదని ఆఫీసంతా నమ్మేది, ఆయనతో సహా.

యంత్రం మాత్రం ఉన్నట్టుండి చచ్చిపోయేది. ముందున్న లైట్లు ఎక్కడివక్కడ నిలిచిపోయేవి.

"డిస్కు తిరుగుతున్నప్పుడే పోతోందండీ. తప్పు మీ రొటీన్లలోనే ఉంది," అన్నారు ఆఫీసరుగారు. "సోమవారం నుంచి మీరు స్టోర్సులో కూర్చోండి. ఇక్కడికి ఇంకొకర్ని చూస్తాను."

స్టోర్సంటే నట్లు, బోల్టులు, ఎలుకలు.

"శనివారం దాక టైమియ్యుండ్రి సార్. ఎవడు సంపుతున్నడో పట్టి మీ ముందర పెడ్త," అన్నాను, టేబులు చరిచి. టేబులు చరచలేదు, చేతులు వెనక్కి కట్టుకునే అన్నాను. కానీ అన్నాను.

ఫలక్‌నుమాలో మా ఇంటికి పోయి చెబితే నా భార్య బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"స్టోర్సుకు పోతే ఏమైతదయ్యా? జీతం గదే గద?"

"జీతం గదే. మిషన్ను సంపినోడన్న పేరు నా మీద ఉండిపోతది."

"గట్లయితే పోకు," అంది, రాయి తీసి పారేస్తూ.

నా ఉపాయం ఇది. ఎగ్జిక్యూటివ్‌లో ప్రతి రొటీనూ పనిలోకి దిగేముందు తన పేరు ఒకచోట రాయించి పోవాలి. ఆ పేర్లు రాసే చిన్న రొటీను, ట్రేసరు, నేను రాస్తాను. యంత్రం చచ్చాక పేర్లన్నీ అచ్చు వేయిస్తే, చివర్లో లోపల ఎవరున్నారో బయటపడుతుంది.

ఇక్కడ మా యూనియన్ సంగతి కొంచెం చెప్పాలి. గేటు దగ్గర టైం ఆఫీసులో మేమంతా కార్డు పంచ్ చేసేవాళ్లం. ఆ కార్డులు చూసే గుమాస్తా మాత్రం చేసేవాడు కాదు. ఇదేం న్యాయమని లొల్లి పెట్టి అతనిచేత కూడా చేయించాం. అందరికంటే ముందు నిలబడి అరిచింది నేనే. ఇది నిజం, గొంతు కూడా పోయింది. అదే న్యాయం ట్రేసరుకూ పెట్టాను. పేర్లు రాసేది కదా అని దానికి మినహాయింపు ఎందుకు? పనిలోకి దిగేముందు అదీ తన పేరు రాసుకోవాల్సిందే.

ఆన్ చేశాం. రెప్ప వాల్చేలోపు చచ్చింది. మళ్లీ చేశాం, మళ్లీ చచ్చింది.

పత్తర్‌గట్టి వెనక గల్లీ నుంచి సైకిల్ మీద వచ్చే ఆపరేటర్ భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరె భాయ్, ఇన్ని దినాలు అప్పుడప్పుడు సచ్చేది. నువ్వు చెయ్యి పెట్టినవ్, ఇగ పుట్టుడే లేదు. మస్తు తరక్కీ, మస్తు ముందుకు పోయినవ్!"

ఒక రొటీను ఇంకో రొటీనును పిలిచేటప్పుడు, తిరిగి ఎక్కడికి రావాలో గుర్తుగా ఒక చీటీ పెట్టి పోతుంది. అది మరొకదాన్ని పిలిస్తే ఆ చీటీ మీద ఇంకో చీటీ. పని అయిపోయిన కొద్దీ పై చీటీ పోతుంది. ఆ దొంతర ఉండే చోటే స్టాకు. ఎగ్జిక్యూటివ్‌కు ఇచ్చిన స్టాకు మా వంటగది కంటే ఇరుకు. నిండితే అక్కడితో ఆగదు, పక్కనున్నవాటి మీద కూడా రాసుకుంటూ పోతుంది. యంత్రం అప్పుడే చస్తుంది.

కారణం ఒక్క చూపులో కనిపెట్టాను. కాదు, రెండు రోజులు పట్టింది. పేరు రాయడానికి ట్రేసరు దిగాలి. దిగేముందు తన పేరు రాసుకోవాలి. అది రాయడానికి మళ్లీ ట్రేసరు దిగాలి. తన కార్డు పంచ్ చేయించుకోవడానికి గుమాస్తా తననే పిలుచుకుంటున్నాడు, పిలిచిన ప్రతిసారీ స్టాకు మీద ఒక చీటీ. చివరికి ట్రేసరు లోపల ఉన్నంతసేపూ ఒక జెండా ఎత్తి ఉంచాను. జెండా లేచి ఉంటే ఎవరి పేరూ రాయొద్దు. అంత అరిచిన యూనియన్ మనిషిని, ఆ మినహాయింపు నా చేత్తోనే ఇచ్చాను.

అప్పుడు యంత్రం మధ్యాహ్నం దాకా బతికి చచ్చింది.

ఈసారి నా అనుమానం ఇది. డిస్కు పని లోతుల్లో ఉండగా ఎవరో టెర్మినల్ మీద మీట నొక్కుతారు. టెర్మినల్ రొటీను మధ్యలో దూరి, అదే స్టాకు మీద తన దొంతర పెడుతుంది. దాని మీద నా ట్రేసరు. అందుకని ట్రేసరుకు వేరే చోట సొంత స్టాకు ఇచ్చాను. అక్కడికి మారేముందు పాత స్టాకులో చోటెంత మిగిలిందో చూడమన్నాను. మరీ తక్కువుంటే పేరు రాయకుండా తప్పుకోవాలి. కానీ చెప్పకుండా తప్పుకోకూడదు. 'ఇక్కడ చోటు లేక రాయలేదు' అని అచ్చులో ఒక వరుస రావాలి.

శుక్రవారం యంత్రం చచ్చినప్పుడు ఆ అచ్చు ఆఫీసరుగారి ముందు పెట్టాను.

"ఈ 'రాయలేదు' అన్న వరుసలేమిటండీ, అసహ్యంగా? కొనేవాళ్లు చూస్తే నవ్వుతారు. తీసేయండి."

"తియ్య సార్."

"ఏమన్నారు?"

"తియ్యనన్న. గా వరుసలే సాక్ష్యం. ఒక్కొక్కదాని మీద ఎవరి పేరున్నదో సదువుండ్రి."

చదివారు. ప్రతి 'రాయలేదు'కూ పై వరుసలో టెర్మినల్ రొటీను పేరే ఉంది. ఆయన ముఖం ఎర్రబడింది.

"స్టాకు మీ ట్రేసరు బరువుకే నిండి ఉంటుంది."

"అయితే ట్రేసరు పూరా తీసేసి నడుపుదాం. స్టాకు ఆఖరున ఒక నంబరు పెట్టుండ్రి, మీకు నచ్చింది. మిషన్ సచ్చినంక గా నంబరు గట్లనే ఉంటే స్టాకు నిండలేదన్నట్టే, సోమవారం దాక ఎందుకు, ఇప్పుడే స్టోర్సుకు పోత."

ఆయన తన స్కూటరు నంబరు పెట్టారు. నేను డిస్కును ఉరికించాను. ఆపరేటర్ భాయ్ టెర్మినల్ ముందు కూర్చుని, ఏం కొట్టాలో తోచక, చాయ్ చాయ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతూ పోయాడు. యంత్రం చచ్చింది. ముందున్న మీటలు నొక్కి, లైట్లు చూసి, స్టాకు ఆఖరి చోటు చదివాం. స్కూటరు నంబరు లేదు. దాని చోట చాయ్ ఉంది.

టెర్మినల్ రొటీను, టైపు చేసిన వరుస మొత్తాన్ని స్టాకు మీదే పరుచుకుంటోంది.

"స్కూటర్ మునిగింది సాబ్," అన్నాడు భాయ్ మెల్లగా.

ఆఫీసరుగారు నా భుజం తట్టి, తప్పు నాదేనయ్యా అన్నారు. అనాలని ఇప్పటికీ నా కోరిక. ఆయన మాత్రం తన కాగితాలు తీసుకుని గదిలోకి పోయారు. సోమవారానికి ఆ వరుసను స్టాకు మీద నుంచి వేరే చోటికి మార్చారు. యంత్రం ఇక ఆగలేదు. స్టోర్సు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వారం గడిచాక పిలిచారు. "పని అయిపోయింది కదా, ఇప్పుడైనా ఆ ట్రేసరు తీసేయండి."

"తియ్య సార్. రేపు ఇంకోడు సంపుతడు, నా లెక్క ఇంకోణ్ణి స్టోర్సుకు పంపుతరు."

ఆయన యంత్రాన్ని కొన్నవాళ్లకు పంపే కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టారు. ఆయన మనసు మారేలోపు నేను బయటికి వచ్చేశాను.

యంత్రం లారీ ఎక్కినప్పుడు ట్రేసరు లోపలే ఉంది.