మావయ్యకి ఫిట్స్ వచ్చిన శుభవేళ

మా బంగార్రాజు మావయ్య కడియం నర్సరీలో అంటు కట్టాడంటే చీపురుపుల్లకైనా మామిడికాయ కాయాల్సిందే. ఆయనకున్న లోటల్లా మందులకు లొంగని ఫిట్సే.

"ఫిట్స్ మొదలవగానే సూది వెయ్యాలండి. మెదడులో అలజడి పుట్టినచోటికి రక్తం ఎక్కువగా పారి, సూదిమందు అక్కడికే చేరుతుంది. స్కాన్‌లో ఆ చోటు కనిపిస్తేనే ఆపరేషన్," అంది డాక్టరమ్మ.

తీరా ఆసుపత్రిలో చేరాక ఫిట్స్ జాడే లేదు. ఎప్పుడొచ్చినా మావయ్య చేతిలో పెట్టే తాళాలగుత్తిని అత్తయ్య నా మీదికి విసిరింది.

"ఇనుముకి జడిసి రావట్లేదేమోరా, దూరంగా పట్టుకుపో!"

నేను గేటు దాటానో లేదో, వచ్చేశాయి. నర్సు సూది వేసేసింది.

కాసేపటికి కళ్ళు తెరిచిన మావయ్య, "వచ్చాయేంటే?" అన్నాడు.

"వచ్చాయండీ!" అంటూ అత్తయ్య వార్డంతా పూతరేకులు పంచింది.

స్కాన్‌లో ఆ చోటు దొరికింది, ఆపరేషన్‌కి రోజు కూడా పెట్టారు. అందులో సగం ఘనత నాదే.