చైన్ లేని సైకిల్, నాన్న కుడి పాదం

కొలతకు అందని దేన్నీ ఒప్పుకునే రకం కాదు నేను. మెకానికల్ డిప్లొమా చేసి, జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానా డ్రాయింగ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. మేముండే భాలుబాసా పేటలో ఎవరికి దయ్యం పట్టిందన్నా, ముందు జ్వరం ఎంతుందో చూశారా అని అడిగి తిట్లు తినేవాణ్ణి. దయ్యాల మీద నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. కానీ మా ఇంట్లో జరిగిందానికి మాత్రం నా దగ్గర లెక్క లేదు.

మా నాన్న అదే కార్ఖానా మెషిన్ షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. ఎవరిదో పాత బంగళా తుక్కులోంచి తెచ్చుకున్న సైకిల్. తయారుచేసినవాళ్ల పేరు చెరిగిపోయింది గానీ, లక్షణాలు చూసి అది పంతొమ్మిదో శతాబ్దం చివరిదని తేల్చాడు. బ్రేకంటే, ముందు టైరు నెత్తిన వచ్చి నొక్కే చెంచాలాంటి రేకు. ఎక్కడానికి వెనక ఇరుసు పక్కన చిన్న మెట్టు. పెడళ్లకు రబ్బరు ఉండదు, అంచున రంపపు పళ్లున్న ఉక్కు పట్టీలు. ముఖ్యంగా, దానికి ఫ్రీవీలు లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరగాల్సిందే.

“నువ్వాపినా అది ఆపదురా. నీ కాలుని కూడా తిప్పుకుంటా ఎల్లిపోతాది,” అనేవాడు నాన్న, సొంత కూతురి పంతం గురించి చెప్పినంత మురిపెంగా.

ఆదివారాలన్నీ దానికే. తుప్పు కిరసనాయిల్లో నాననిచ్చి మెల్లగా తీసేవాడు. పాత నల్లరంగు మిగిలిన చోట కొత్త రంగు పడనిచ్చేవాడు కాదు, నూనె గుడ్డతో తుడిచి వదిలేసేవాడు. అన్నీ కుదిరాయి, చైన్ తప్ప. ఆ బండి పళ్లచక్రానికి పళ్లు దూరం దూరంగా ఉంటాయి. ఇప్పటి చైన్ వాటి మీద కూర్చోదు. సాక్చి బజార్లో తుక్కు దుకాణాలన్నీ ఇద్దరం కలిసి గాలించాం. దొరకలేదు.

ఆ వేసవిలో నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక కొన్నాళ్లు బాగానే తిన్నాడు. తర్వాత తినడం మానేశాడు. గొంతులో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. అమ్మ గంజి చెంచా నోటి దగ్గర పెడితే పళ్లు బిగించి, ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. పక్కటెముకలు బయటపడ్డాయి. ఇలాగే ఉంటే ఎక్కువ కాలం ఉండడని డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు.

అప్పుడు నాకా ఆలోచన వచ్చింది. బండిని స్టాండు మీద నిలబెట్టి, నాన్నను వెనక కుర్చీలో కూర్చోబెట్టి, కుడి పాదాన్ని పెడల్‌కు తువ్వాలుతో కడతాను. చక్రం నేను చేత్తో తిప్పుతాను. ఫ్రీవీలు లేదు కాబట్టి చక్రం పెడల్‌ని, పెడల్ కాలిని తిప్పుతుంది. కాలు కదిలితే ప్రాణం మీద ఆశ పుడుతుంది, తింటాడు. డాక్టరు వద్దనలేదు, సరేననీ అనలేదు. నాకు ఇంకో దారి లేదు. కావలసింది చైన్.

నాతో చదువుకున్న దాస్ ఒక వర్క్‌షాపులో టర్నరు. కొలతలు తీసి డ్రాయింగ్ ఇచ్చి బతిమాలాను. “పూజా కే బాద్, భాయ్. అభీ సబ్ మెషిన్ బంద్,” అన్నాడు, పూజ అయ్యాకే చేస్తానని. మర్నాడే విశ్వకర్మ పూజ. ఆ రోజు ఈ ఊళ్లో యంత్రాలన్నీ కడిగి, సిందూరం పెట్టి, విశ్రాంతినిస్తారు. ఎవరూ పనిముట్టు పట్టరు.

నేను ఆగలేకపోయాను. పొద్దున్నే వెనక వరండాలో కూర్చుని చైన్ కోసం ఇనప ముక్కలు అరగదీయడం మొదలెట్టాను. అమ్మ వచ్చి నా చేతిలోంచి ఆకురాయి లాక్కుని దానికీ బొట్టు పెట్టేసింది.

“నీకే గాని దానికి సెలవొద్దేటిరా? ఈ దినం ముట్టుకున్నావంటే నా మీదొట్టే.”

సైకిల్‌కి కూడా పూజ చేసింది. హ్యాండిల్‌కు, రెండు పెడళ్లకు నూనెలో కలిపిన సిందూరం పెట్టింది. వెనక చక్రం చువ్వలకు మందారపూల దండ వేలాడదీసింది.

తర్వాత ఇద్దరం కార్ఖానాకు వెళ్లాం. ఇంట్లోవాళ్లను లోపలికి రానిచ్చేది ఆ ఒక్కరోజే. నాన్న పనిచేసిన మెషిన్ దగ్గర కొబ్బరికాయ కొడతానని అమ్మ మొక్కుకుంది. పక్కింటి పైడమ్మత్తను నాన్న గది గుమ్మంలో కూర్చోబెట్టాం. వెనక వరండా తలుపు లోపల గడియ పెట్టింది నేనే. వరండాకు ఇనప జాలీ ఉంది, బయటి నుంచి దారి లేదు.

తిరిగొచ్చేసరికి పైడమ్మత్త గుమ్మంలోనే బియ్యం ఏరుతోంది. నన్ను చూసి గతుక్కుమంది.

“ఏట్రా, ఈదిలోంచి వత్తన్నావు? ఎనకాల సైకిలు తిప్పుతున్నది నువ్వు కాదేటి? మీ యమ్మొక్కర్తే ఎల్లిందనుకున్నాను.”

“నేనెక్కడున్నానత్తా? ఇప్పుడేగా వస్తున్నాం.”

“మరి ఇందాకటి నుంచి గరగరా తిప్పుతున్నాదెవులు? ‘సెప్తే ఇనడు, మీ యమ్మ రానీ’ అని నాను తిట్టినాను కూడాను.”

గడియ తీసి చూశాను. సైకిల్ స్టాండు మీద పెట్టినచోటే ఉంది. మందార దండ వెనక ఇరుసుకు బిగుసుగా చుట్టుకుని నలిగిపోయి ఉంది. చక్రం చాలాసేపు తిరిగితే తప్ప అలా చుట్టుకోదు. ఎడమ పెడల్ మీద బొట్టు చెక్కుచెదరలేదు. కుడి పెడల్ మీద బొట్టు లేదు. తుడిచేసినట్టుంది.

ఇంతలో లోపల్నుంచి అమ్మ ఏడుపు వినబడి పరిగెత్తాను. నాన్న నోరు తెరిచి ప్రసాదం తింటున్నాడు. అమ్మ ఏడుస్తూ పెడుతోంది.

దుప్పటి సర్దుతుంటే నాన్న కుడి పాదం చూశాను. అరికాలికి సిందూరం. దాని కింద చర్మంలో వరసగా పళ్ల గుర్తులు. నా వెర్నియర్ కాలిపర్ తెచ్చి పంటికీ పంటికీ మధ్య దూరం కొలిచాను. పెడల్ కూడా కొలిచాను. సరిగ్గా కలిసింది.

ఎన్ని రకాలుగా ఆలోచించాలో అన్ని రకాలుగా ఆలోచించాను. గాలి చక్రాన్ని తిప్పిందేమో. గాలి అరికాలికి సిందూరం పూయదు. అమ్మ చేతి సిందూరం అంటిందేమో. అయితే పళ్ల గుర్తులు? నేనే చెప్పుల్లేకుండా ఆ పెడల్ మీద నా బరువంతా వేసి నిలబడి చూశాను. అలా చేస్తేనే అంత లోతు గుర్తు పడింది. ఎవరైనా నాన్నను మోసుకెళ్లారనుకుంటే, పైడమ్మత్త కదల్లేదు, గడియ తీయలేదు. అన్నిటికీ మించి, బండికి చైన్ లేదు. పెడల్ ఎంత తొక్కినా వెనక చక్రం తిరగడానికి వీల్లేదు.

కొన్ని వారాలు నాన్న తిన్నాడు. బుగ్గలు కాస్త పూడాయి. దాస్ చైన్ తెచ్చిచ్చాడు, అందంగా చేశాడు. అనుకున్నట్టే నాన్నను కూర్చోబెట్టి, పాదం కట్టి, చక్రం తిప్పాను. కాలు తిరిగింది. కర్ర తిరిగినట్టు తిరిగింది. నాన్న కాసేపు దాన్నే చూసి కళ్లు మూసుకున్నాడు. ఆ కంటి చివర నీళ్లు చూసి తువ్వాలు విప్పేశాను.

చలి మొదలయ్యాక మళ్లీ పళ్లు బిగించాడు.

అప్పుడు నేను చేసిన పని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చైన్ ఊడదీశాను. పెడళ్లకు సిందూరం పెట్టాను. సాక్చి బజారంతా వెతికి మందారాలు తెచ్చి దండ వేలాడదీశాను. గడియ పెట్టి, పైడమ్మత్తను అదే గుమ్మంలో కూర్చోమన్నాను.

“ఈ దినం ఏ పూజరా?” అంది.

“కూర్చో అత్తా, నీకు దణ్ణం పెడతాను.”

నా మొహం చూసి బియ్యం చేట తెచ్చుకుని కూర్చుంది. అమ్మను తీసుకుని అదే దారిలో కార్ఖానా గేటు దాకా నడిచి వెనక్కి వచ్చాను. వీధి మలుపు దగ్గరే ఆగి చెవులు రిక్కించాను. ఏ చప్పుడూ లేదు. లోపలికి వెళ్తే, గుమ్మంలో పైడమ్మత్త తల అడ్డంగా ఊపింది.

దండ కట్టినచోటే వేలాడుతోంది. బొట్లు రెండూ అలాగే ఉన్నాయి. నాన్న అరికాలు శుభ్రంగా, చల్లగా ఉంది.

ఆ నెల దాటకుండానే నాన్న పోయాడు.

సైకిల్ ఇంకా వరండాలోనే ఉంది. దాస్ చేసిన చైన్ గోడ మేకుకు తగిలించి ఉంది. అప్పుడప్పుడు దానికి నూనె రాస్తాను, బండికి మాత్రం పెట్టను. విశ్వకర్మ పూజకు అమ్మ పెడళ్లకు బొట్టు పెడుతుంది, దండ నేను కడతాను. తర్వాత ఇద్దరం గడియ పెట్టి బయటికి వెళ్తాం. తిరిగొచ్చాక గడియ తీసేది నేనే. ఇంతవరకు దండ దండలాగే ఉంది.