ఇస్త్రీ మూట మీద పుస్తకం

మా అత్తయ్యకి ఇస్త్రీపెట్టె పట్టుకోవడం ఎంత బాగా వచ్చో, నోరు అదుపులో పెట్టుకోవడం అంత బాగా రాదు. ఈ మాట ఆవిడ ముందే చాలాసార్లు అన్నాను. నవ్వి ఊరుకుంది కాబట్టి ఇక్కడ రాయడానికి భయపడను.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఈ ఇంటి పద్ధతి నాకు అంతుపట్టలేదు. ముందుగదిలో పొడుగాటి బల్ల, దాని మీద మడతలు వేసిన దుప్పటి, అత్తయ్య వీధిలో వాళ్ల చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటుంది. పక్కన స్టూలు మీద మామయ్య కూర్చుని పైకి నవల చదువుతుంటారు. ఆవిడ కళ్లు బట్ట మీద, చెవులు కథ మీద. కథలో ఎవరైనా చస్తే చాలు, ఎవరిదో ఒకరి కాలరు మాడేది.

ఆ పుస్తకాలన్నీ వీధి చివరి గ్రంథాలయానివి. అత్తయ్య చదువు అయిదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా అక్కడిదే. మా ఆయన పాకడం నేర్చింది కూడా అక్కడి బల్లల కిందేనట. ఈ ఇంట్లో పోట్లాట అంటూ వస్తే కొత్తగా తెచ్చిన పుస్తకం ముందు ఎవరు చదవాలన్న దాని మీదే వస్తుంది.

అయితే బాగున్న పుస్తకాన్ని తనలోనే దాచుకునే మనిషి కాదు అత్తయ్య. సాయంత్రం బట్టలు ఇళ్లకి చేర్చేటప్పుడు ప్రతి మూట మీదా ఒక పుస్తకం పెట్టేది. ఆసుపత్రి నర్సమ్మకి ప్రేమకథలు, లారీ డ్రైవరుకి సముద్రయానాలు, లెక్కల మాస్టారికి దెయ్యాలు. ఆవిడ మాట మీద నమ్మకంతో లైబ్రేరియన్ గారు రిజిస్టరులో రాయకుండానే సంచి నిండా ఇచ్చేవారు. అలా ఏళ్ల తరబడి వీధంతా గడప దాటకుండా చదువుకుంది.

చిక్కు అక్కడే వచ్చింది. పై ఆఫీసు నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. ఖాళీ కుర్చీలు, కునికిపాట్లు పడుతున్న లైబ్రేరియన్. మళ్లీ వచ్చారు, మళ్లీ అదే దృశ్యం. చదివేవాళ్లే లేని గ్రంథాలయం ఎందుకు, ఈ భవనం ఇంకో ఆఫీసుకి పనికొస్తుంది కదా అన్నారట. శుక్రవారం సాయంత్రం ఆఖరుగా ఓసారి చూసి మూసెయ్యమని రాసేస్తానన్నారట.

కబురు వినగానే అత్తయ్య చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది, వెనకే నేను. వీధి వీధంతా చదువుతుంటే చదివేవాళ్లు లేరని ఎలా అంటారని లైబ్రేరియన్ గారి మీద విరుచుకుపడింది. పాపం ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అంతా విన్నారు.

“అందరూ చదువుతున్నారమ్మా, నేను కాదనను,” అన్నారు. “కానీ అన్నీ మీరే గుమ్మంలోకి తెచ్చిస్తుంటే, ఇక్కడికి ఎవరొస్తారు చెప్పండి?”

మన వేలితో మన కన్నే పొడుచుకోవడమంటే ఇదే. ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చింది. నాకూ ఏడుపు తన్నుకొచ్చింది గానీ, ఇద్దరినీ ఓదార్చడం మామయ్య వల్ల కాదని ఆగాను.

మర్నాడు ఇల్లిల్లూ తిరిగి, కాస్త వచ్చి కూర్చోండని బతిమాలింది. అందరూ అయ్యో అన్నారు, తప్పకుండా వస్తామన్నారు. ఒక్కరూ రాలేదు. మాస్టారైతే ఓపిగ్గా అంతా విని, వచ్చేటప్పుడు రెండో భాగం పట్టుకు రమ్మన్నారు. ఆ మాటతో ఆవిడకి ఒళ్లు మండిపోయింది. మా అత్తయ్యకి ఏడుపు కన్నా కోపమే అచ్చొస్తుంది.

గురువారం మాసిన బట్టలకి వెళ్లినప్పుడు, ఇచ్చిన పుస్తకాలన్నీ వెనక్కి లాక్కొచ్చేసింది. సగం చదివినవి, ఆఖరి పేజీల్లో ఉన్నవి అని చూడలేదు. శుక్రవారం సాయంత్రం మూటలు ఇళ్లకి వెళ్లలేదు. మా ఆయన ఆటోలో గ్రంథాలయానికి చేరాయి. బల్లల మీద ఎవరి మూట వాళ్లకి, పక్కనే వాళ్ల దగ్గర లాక్కొచ్చిన పుస్తకం. బట్టలు కావలసినవాళ్లు అక్కడికే రావాలని మామయ్య వీధంతా చెప్పి వచ్చారు.

వచ్చారు, సణుక్కుంటూ. తెల్లారితే డ్యూటీ, యూనిఫాం లేకపోతే ఎలాగని నర్సమ్మ దులిపేసింది. లారీ డ్రైవరు ఇదేం చోద్యమంటూ వచ్చి, మూట పక్కన తన పుస్తకం చూశాడు. ఒక్క పేజీ చూసి పోదామని కూర్చున్నాడు. మిగతావాళ్లూ అంతే.

అధికారి వచ్చేసరికి గది నిండుగా ఉంది. కానీ ఆయన కళ్లు ముందు మూటల మీదే పడ్డాయి.

“వీళ్లంతా పుస్తకాల కోసం వచ్చారా, బట్టల కోసం వచ్చారా?”

పుస్తకాల కోసమేనని చెప్పమని నేను అత్తయ్యకి కళ్లతో సైగ చేశాను. నా సైగలు ఆవిడకి అర్థమయ్యేవైతే ఈ ఇంట్లో నా బతుకు ఇంకా సుఖంగా ఉండేది.

“బట్టల కోసమే సార్,” అంది. “వాటిని బయట పెట్టేస్తాను. ఆ తర్వాత ఎవరూ మిగలకపోతే మీ ఇష్టం, మూసేసుకోండి.”

ఇద్దరం మూటలన్నీ మోసుకెళ్లి వరండాలో వరసగా పెట్టాం. మీ బట్టలు బయట ఉన్నాయి, తీసుకెళ్లండని అత్తయ్య గుమ్మంలో నిలబడి చెప్పింది.

ఎవరూ పుస్తకం మూయలేదు. అంతలో లారీ డ్రైవరు లేచాడు. ఒకరు లేస్తే వెనకే అందరూ లేస్తారు. అతను బయటికెళ్లి తన మూట వెతుక్కుని, చంకన పెట్టుకుని, మళ్లీ లోపలికొచ్చి కూర్చుని పేజీ తిప్పాడు. అక్కడ మాస్టారు పెదాలు కదుపుతూ చదువుతుంటే, మనసులో చదువుకోమని నర్సమ్మ కసిరింది.

మూట దొరికింది కదా, ఇంకా వెళ్లరేమని అధికారి డ్రైవరుని అడిగారు.

“ఆగండి సార్, పడవ ఒడ్డుకి చేరనివ్వండి,” అన్నాడు తలెత్తకుండానే.

అధికారి నవ్వేశారు. మూసెయ్యమని రాయనని, గదిలో వెలుతురు చాలడం లేదు కాబట్టి ఇంకో రెండు లైట్లు కావాలని రాస్తానని అత్తయ్యతోనే చెప్పారు. అన్నట్టే రాశారు కూడా. అత్తయ్య అందరి ముందే నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, ఈసారి ఆపుకోలేదు.

ఆ తర్వాత మూటల మీద పుస్తకాలు పెట్టడం మానేసింది. నడవలేని ఒక పెద్దావిడకి మాత్రం ఇప్పటికీ తీసుకెళ్తుంది. గుమ్మాల్లో తన కోసం ఎదురుచూసే మొహాలు లేక కొన్నాళ్లు దిగులు పడింది. ఇప్పుడు ఏ పుస్తకం బాగుందో వీధిలో వాళ్లే ఆవిడకి చెబుతున్నారు. నిన్న నర్సమ్మ ఏదో నవలని తెగ పొగిడిందట. తనకి తెలియని పుస్తకమా అని రోషం వచ్చి, ఇస్త్రీ మధ్యలో ఆపేసి గ్రంథాలయానికి వెళ్లింది. ఇలా వెళ్లి అలా వచ్చేసింది. ఏమైందని మామయ్య కంగారుగా అడిగారు.

“కూర్చోడానికి ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదండీ,” అంది, మొహం వెలిగిపోతుంటే.

రాత్రి అన్నాల దగ్గర ఆ మాటే మాకు మళ్లీ చెప్పింది.